తొట్టిలో నత్త పంతం

ఒకప్పుడు నత్త ఏడాదికి ఒక్కటంటే ఒక్క గుడ్డే పెట్టేది. నవ్వకండర్రా, నిజం! ఆ ఒక్కదానికీ ఏడాదంతా కళ్లలో వత్తులు వేసుకుని కాపలా కాసేది.

అలాంటి నత్త ఒకటి నీటిమొక్క వేరుకి అతుక్కుని భ్రమరాంబగారింటి చేపల తొట్టిలోకి వచ్చి పడింది. దాన్ని ఎవరూ రమ్మనలేదు. వచ్చాక మాత్రం ఊరికే కూర్చుందా? అద్దం మీద పాచంతా నాకి శుభ్రం చేసింది. తర్వాత ఓ మూల తన గుడ్డు పెట్టుకుంది.

భ్రమరాంబగారికేమో అద్దం తళతళలాడాలి. దాని మీద చుక్క కనిపిస్తే ఆవిడకి అన్నం సయించదు. గుడ్డు చూసింది. బ్లేడు తెచ్చింది. గీకేసింది.

"అయ్యో, నా బిడ్డ!" అని గొల్లుమంది నత్త.

"నా అద్దం మీద నీ మచ్చేమిటే? పిలవని పేరంటానికి వచ్చిందే కాక, కాపురం కూడానా?" అంది భ్రమరాంబ.

"ఏడాదికి ఒక్కటే పెడతానమ్మా. దాన్నీ ఉంచలేకపోయావా?"

"మళ్లీ పెట్టు, మళ్లీ గీకుతాను." చేతులు దులుపుకుని వెళ్లిపోయింది.

నత్త ఏడ్చింది. నీళ్లలో ఏడిస్తే ఎవరికి కనిపిస్తుంది చెప్పండి? తొట్టిలో నీళ్లకి, అదే, నీళ్లక్కకి మాత్రం తెలిసింది.

"ఏడవకే," అంది నీళ్లక్క. అంటూనే ఖళ్లుఖళ్లున దగ్గింది.

"నీకేమైందక్కా?"

"ఏం చెప్పను నా బాధ! ఈ ఇంట్లో మూగజీవానికి ఇంత పెట్టందే ఎవరూ ముద్ద ఎత్తరు. మంచి ఆనవాయితీయే. కానీ నలుగురూ ఎవరికి వాళ్లే పెడతారు, ఒకరికి చెప్పకుండా ఒకరు. మూడు పూటలా, నాలుగు చేతులు. రోజుకి పన్నెండు చిటికెల మేత! చేపలు తినేది రెండు. మిగతాదంతా నా అడుగున చేరి కుళ్లుతోంది. నాకు ఊపిరాడట్లేదే. చేపలు చూడు, పైకొచ్చి ఎలా నోళ్లు తెరుస్తున్నాయో!"

నత్త ఏడుపు ఆపేసింది.

"ఆ కుళ్లంతా నేను తింటాను. నాకేమిస్తావు?"

"ఏం కావాలే?"

"పిల్లలు. ఆవిడ గీకి గీకి అలిసిపోయేంత మంది పిల్లలు!"

నీళ్లక్క ఒప్పుకుంది. "సరే. ఎంత మిగులు తింటే అన్ని గుడ్లు. కానీ మిగులు తగ్గిన రోజున నీ గుడ్లూ తగ్గాలి. మాటేనా?"

"మాటే," అంది నత్త.

నీళ్లక్క తన ఒంట్లోంచి ఇంత జిగురు తీసి ఇచ్చింది. నత్త గుడ్లన్నీ అందులో చుట్టి అద్దానికి అంటించింది. అచ్చం సగ్గుబియ్యం జావలా ఉందది.

ఇక చూడండి, నా సామిరంగా! ఇవాళ ఇరవై. మర్నాడు నలభై. వారం తిరిగేసరికి అద్దం నిండా పిల్ల నత్తలే.

భ్రమరాంబ టీ వడపోసే జల్లెడతో ఏరింది. పొద్దున దోసకాయ ముక్క వేసి, సాయంత్రం ఆ ముక్కకి పట్టిన నత్తలన్నిటినీ ఎత్తి పారేసింది. మర్నాటికి మళ్లీ అన్నీ వచ్చాయి. చివరికి నత్తల్ని తినే చేపని తెచ్చింది. అది మూలకి చేరి హాయిగా పొట్ట నిమురుకుంది.

"ఏమే, నత్తల్ని తినవా?"

"పైనుంచి పూటపూటకీ విందు రాలుతుంటే ఈ డిప్పలు కొరికే ఖర్మ నాకెందుకమ్మా!" అంది చేప.

భ్రమరాంబకి ఒళ్లు మండింది. నత్తల మందు సీసా పట్టుకొచ్చింది.

"వద్దు తల్లీ, అది నన్నూ పాడు చేస్తుంది!" అని నీళ్లక్క వణికింది. పిల్ల నత్తలు గులకరాళ్ల కింద దూరాయి. తల్లి నత్త దాక్కోలేదు. మెల్లగా, మెల్లగా, తొట్టి అంచు మీదికే ఎక్కి నిలబడింది.

"పోసుకో భ్రమరాంబమ్మా, పోసుకో! నేను దిగను. కానీ ఒక్క మాట. ఇంతమందిని పుట్టిస్తున్నది నేను కాదు, మీ నలుగురి చేతులు. నమ్మకపోతే ఈ పూట ఇక్కడే నిలబడి చూడు. నా మాట అబద్ధమైతే ఆ మందు నేనే తాగుతాను!"

"ఎంత పొగరే నీకు!" అంది భ్రమరాంబ. అన్నదే కానీ, నిలబడింది.

అది భోజనాల వేళ. భర్త వచ్చి ఒక చిటికెడు మేత వేసి పీట మీద కూర్చున్నాడు. అత్తగారు వచ్చి ఒక చిటికెడు వేసింది. కూతురు వకుళ పరుగున వచ్చి ఒక చిటికెడు వేసింది.

"నాన్న వేశారుగా, మామ్మ వేసిందిగా!" అంది భ్రమరాంబ.

"నాకెవరు చెప్పారమ్మా?" అంది వకుళ. "మరి నీ చేతిలో ఏమిటి?"

భ్రమరాంబ చెయ్యి చూసుకుంది. వేళ్ల మధ్య, అలవాటుగా మేత డబ్బాలోంచి తీసిన నాలుగో చిటికెడు! సిగ్గుతో మందు సీసా మూత బిగించేసింది.

"రేపట్నుంచి రోజుకి ఒక్క చెయ్యే, రెండే చిటికెలు," అని గట్టిగా చెప్పింది.

"మరి మూగజీవానికి పెట్టకుండా నేనెలా తినేది అమ్మాయ్?" అంది అత్తగారు.

"గోడ మీద కాకి ఉంది కదత్తయ్యా, దానికి పెట్టండి."

మేత తగ్గింది. నీళ్లక్క దగ్గు పోయింది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరవడం మానేశాయి. నత్త కూడా మాట తప్పలేదు. నెలలు గడిచేకొద్దీ తొట్టిలో అయిదారు నత్తలే మిగిలాయి.

అప్పుడు ఒకనాడు నత్త, బ్లేడు గీకిన ఆ మూలకే వెళ్లింది. సరిగ్గా అక్కడే ఒక్క గుడ్డు పెట్టింది.

భ్రమరాంబ చూసింది. అలవాటుగా బ్లేడు తెచ్చింది. నత్త గుడ్డు ముందు అడ్డంగా నిలబడి కొమ్ములు చాచింది.

"గీకు, చూద్దాం! నీళ్లక్కకిచ్చిన మాట నిలబెట్టుకున్నాను. నీకు మాత్రం నేను ఏ మాటా ఇవ్వలేదు. గీకితే మళ్లీ ఇక్కడే పెడతాను."

భ్రమరాంబ ఆ గుడ్డుకేసి చూసింది. ఒక్కటంటే ఒక్కటే! తర్వాత బ్లేడు తీసుకెళ్లి అలమరలో పెట్టేసింది. అద్దం మీద చుక్క ఉండగానే ఆ పూట కడుపునిండా అన్నం తింది.

అప్పటినుంచే తొట్టిలో మేత మిగిలినంత కాలం నత్తలు పుట్టలు పుట్టలుగా పుడతాయి, మేత తగ్గిస్తే వాటంతటవే తగ్గుతాయి. అంతేకానీ ఎంత ఏరినా, ఎంత గీకినా, ఏదో మూల ఒక్క నత్త మాత్రం కొమ్ములు చాచుకుని మిగిలే ఉంటుంది.