సూర్యుణ్ణి తాగిన రాజు

ఒకానొక కాలంలో భుజంగరాయలనే రాజు ఉండేవాడు. ఆయనకు రాని విద్య లేదు. ఆ మాట ఆయనే రోజూ సభలో చెప్పేవాడు.

ఒకసారి ఆయన కోసం టర్కీ దేశం నుంచి తెల్లగుర్రం వచ్చింది. దాని ఆలనాపాలనా చూసే ఇల్యాసు కూడా వచ్చాడు.

"నా గుర్రం బావినీళ్ళు తాగడమేమిటి? పాలు పట్టండి!" అన్నాడు రాజు.

గుర్రం పాలు ముట్టలేదు. మర్నాటికి డీలా పడిపోయింది.

"ఇది చచ్చిందో, నీ తల తీయిస్తాను!" అని రాజు సభలో ఇల్యాసు మీద ఉరిమాడు.

పాపం, అతనికి తెలుగు ముక్క రాదు. "అత్ సు ఇస్తియోర్!" అని మొత్తుకున్నాడు.

రాజు మీసం దువ్వాడు. "రాజు సూర్యుడై వెలుగుతున్నాడంటున్నాడు. అత్ అంటే రాజు, సు అంటే సూర్యుడు, ఇస్తియోర్ అంటే వెలుగుతున్నాడు. చూశారా, క్రియ మన తెలుగులోలాగే చివరికొచ్చింది!"

విదూషకుడు కోనప్పకు ఆ భాష మీద ఎక్కడలేని కుతూహలం పుట్టింది. నేరుగా గుర్రపుసాలకు వెళ్ళి, గుర్రాన్ని చూపించి కనుబొమలెగరేశాడు.

"అత్" అన్నాడు ఇల్యాసు.

కోనప్ప బావిలోని నీళ్ళు చూపించాడు.

"సు."

ఇస్తియోర్ సంగతి అడగనక్కర్లేకపోయింది. గుర్రం బావి వైపే మెడ చాచి ఉంది. కోనప్ప చేద అందుకోబోయాడు. కానీ రాజాజ్ఞ అంటూ భటులు చేద ముట్టనివ్వలేదు.

కోనప్ప రాజు దగ్గరికి పరుగెత్తాడు. "ప్రభూ! ఈ పూట విందులో టర్కీ భాష తప్ప మరొకటి వినబడకూడదని సెలవివ్వండి. మీ పాండిత్యం లోకానికి తెలియాలి."

రాజు ఉబ్బిపోయి సరేనన్నాడు.

విందులో రాజు కొరివికారం ముద్ద నోట పెట్టాడు. కళ్ళూ ముక్కూ ఏకమయ్యాయి. పక్కనున్న చెంబు ఖాళీ! అది కోనప్ప పనే. తెలుగులో అడిగితే పరువు పోతుంది, టర్కీలో అడుగుదామంటే మాట రాదు. చేతులు గాలిలో ఆడించాడు. వడ్డించేవాళ్ళు ఇంకాస్త కొరివికారం వేశారు.

ఎదుటి పంక్తిలో ఉన్న ఇల్యాసు చూడలేక "సు! సు!" అంటూ తన చెంబు తెచ్చి అందించాడు. రాజు గటగటా తాగేశాడు.

"ఆహా! ప్రభువులు సూర్యుణ్ణి చెంబెడు తాగేశారు!" అన్నాడు కోనప్ప.

రాజు చెంబులోకి చూశాడు. దాహమంటే ఏమిటో ఆయనకిప్పుడు బాగా తెలుసు.

"ఒరే కోనప్పా, అయితే అత్ అంటే?"

"గుర్రపుసాలలో నిలబడి ఉంది ప్రభూ. పదండి, దాన్నే అడుగుదాం."

రాజు ఎంగిలిచేత్తోనే పరుగెత్తి, తొట్టి నింపించాడు. గుర్రం తలెత్తకుండా తాగింది. ఇల్యాసు దాని మెడ కావలించుకుని ఏడ్చేశాడు. రాజు తన తెలివికి తానే కడుపు పట్టుకుని నవ్వి, మెడలోని ముత్యాలహారం తీసి కోనప్పకు వేశాడు. ఇల్యాసును ఆస్థాన టర్కీ గురువును చేశాడు.

మర్నాడు సభలో ఇల్యాసు మరో మాటేదో అన్నాడు. అందరూ రాజు వైపు చూశారు.

"నన్ను చూస్తారేం? కోనప్పా, వెళ్ళి గుర్రాన్ని అడిగిరా!" అన్నాడు రాజు.