పేరంటాలు అడిగిన లోతు

చెడ్డ కబురు మనకి ముందు తెలిసినప్పుడు, అది ఎవరి గురించో ఆ మనిషికి చెప్పడం ధర్మమా, చెప్పకుండా మన గుండెల్లోనే దాచుకోవడం ధర్మమా అని జోగారావు అడిగాడు. మండపేటలో బట్టల కొట్టున్న మనిషి. ప్రతి ఆదివారం బస్సెక్కి, మాలాగే ధర్మం మాటలు వినడానికి సోమలింగం మేస్టారి దగ్గరికి వస్తాడు. వెనక గోడకి ఆనుకుని కూర్చుంటాడు. ఏడాది మొత్తం మీద ఒక్క ప్రశ్న కూడా అడగడు. ఆ వేళ మాత్రం ముందుకు జరిగి కూర్చుని అడిగాడు. తన కోసం కాదుట, తెలిసినవాళ్ళ ఇంట్లో ఇలాంటి చిక్కొకటి వచ్చిందిట. క్రితం వారంలోనే అతను భార్యని రెండుసార్లు పెద్ద డాక్టరుకి చూపించాడనీ, రక్తం తక్కువైందని మాత్రమే ఆవిడకి చెప్పి ఊరుకున్నాడనీ మాకందరికీ తెలుసు. తెలిసినా ఎవ్వరం పైకి అనలేదు.

మేస్టారు కాషాయం కట్టిన మనిషి కాదు. ముప్పై ఏళ్ళు ఎలిమెంటరీ బళ్ళో పాఠం చెప్పి ఊరుకున్నారు. ధర్మం గురించి అడిగితే చెవి గోక్కుని, వీధిలోకి చూసి, ఎదురింటి వాళ్ళ సంగతేదో మొదలెడతారు. శ్లోకాలు రాసుకుందామని నోటు పుస్తకం తెచ్చుకున్నవాళ్ళు నెల తిరక్కుండానే రావడం మానేస్తారు. ఆ వేళ మాత్రం ఆయన వీధిలోకి చూడలేదు. ఇలాంటి చిక్కులోనే తాను కూడా ఒక అబద్ధమాడాననీ, దాన్ని కూడా కలిపే చెప్తాననీ అన్నారు. ఆయన చెప్పింది ఇది.

మేస్టారింటికి రెండిళ్ళ అవతల లోవయ్య, పేరంటాలు అని మొగుడూ పెళ్ళాలు ఉండేవారు. నలభై ఏళ్ళు గౌతమి పాయ మీద సొంత గూటిపడవ నడుపుకుని, లంకల్లోంచి కొబ్బరికాయలు ఈ ఒడ్డుకి చేర్చినవాళ్ళు. రేవు దగ్గర వంతెన వచ్చి, కాయలన్నీ లారీలెక్కాక వాళ్ళు పడవ దిగి ఈ వీధిలో కాపరం పెట్టారు. ఒడ్డుకైతే వచ్చారు గాని ఒడ్డు మీద బతకడం వాళ్ళకి చేతనయ్యేది కాదు. పడవ అడుగున ఎప్పుడూ కాస్త నీరుంటుంది కనక, ఇంట్లో కూడా నేల మీద ఏ వస్తువూ పెట్టేవారు కాదు. ఉప్పు డబ్బా దగ్గర్నుంచి చెప్పుల జత దాకా అన్నీ దూలానికి తాళ్ళతో వేలాడేవి. కొత్తలో లోవయ్య మంచం కోడుని స్తంభానికి కట్టేసి పడుకున్నాడని వీధి వీధంతా నవ్వింది. వాళ్ళు ఏమీ అనుకోలేదు, వాళ్ళూ నవ్వారు.

పేరంటాలుకి అడ్డచుట్ట అలవాటు. వెలిగిన కొసని నోట్లోకి పెట్టుకుని పీల్చేది. ఆ వైపు ఆడవాళ్ళు చాలామంది అలాగే కాలుస్తారు. నిప్పు నోట్లో ఉంటే నది మీద ఎంత గాలి వీచినా ఆరదు. ఆ వేసవిలో ఆమెకి అంగిట్లో పుండు లేచింది. నెల తిరిగినా మానలేదు. మజ్జిగ తగిలినా కళ్ళంట నీళ్ళు వచ్చేవి. పట్నం ఆసుపత్రికి వెళితే చిన్న ముక్క కోసి పరీక్షకి పంపించి, పది రోజులాగి రమ్మన్నారు.

ఆ పది రోజులూ ఆ ఇంటి వైపు చూడ్డానికి భయమేసేదని మేస్టారు అన్నారు. లోవయ్య మొదటిరోజే ఇంట్లో ఉన్న చుట్టలన్నీ వెతికి కాలవలో పారేశాడు. చూరులో దాచుకున్న నాలుగు కూడా వదల్లేదు. పొద్దున్నే ఆమెని వాకిట్లో ఎండకి ఎదురుగా నిలబెట్టి నోరు తెరవమనేవాడు. చూసి, నిన్నటి కంటే తగ్గిందనేవాడు. ఆమె తల ఊపేది. అతనికి పుండు ఎలా ఉందో చూడడం రాదనీ, అయినా చూడకుండా ఉండలేడనీ ఆమెకి తెలుసు. చెయ్యి ఊరికే ఉంచలేక లోవయ్య వీధిలో వాళ్ళ నులకమంచాలన్నీ విప్పి మళ్ళీ అల్లాడు. బాగున్న మంచాన్ని కూడా వదులైందని చెప్పి తీసుకుపోయేవాడు. పదో రోజుకి ఇంక మంచాల్లేక మేస్టారి మంచం పట్టుకుపోయాడు. అది కొత్తదే.

పదకొండో రోజు పొద్దున పేరంటాలుకి మోకాళ్ళు పట్టేయడం వల్ల లోవయ్య ఒక్కడే పట్నం వెళ్ళాడు. మధ్యాహ్నం అతను వచ్చే వేళకి మేస్టారు తన మంచం సంగతి కనుక్కుందామని ఆ ఇంటికి వెళ్ళి, సగం అల్లిన మంచం పట్టె మీద కూర్చుని ఉన్నారు. లోవయ్య నవ్వుతూ వచ్చాడు. ఏమీ లేదన్నారనీ, ఉత్త పుండేననీ, సోమవారం వెళ్ళి ఒకసారి కడిగించుకుంటే చాలన్నారనీ గడగడా చెప్పేశాడు. పేరంటాలు అతని చేతిలో ఉన్న పరీక్ష కాగితం అందుకుని తీసుకొచ్చి మేస్టారి ముందు పెట్టింది. ఆమెకి చదువు రాదు. మేస్టారికి ఇంగ్లీషు అంతంత మాత్రమే, కాని ఆ ఒక్క మాట చదవడానికి సరిపోతుంది. ఆయన తలెత్తేసరికి ఆమె వెనకాల లోవయ్య రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నాడు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, కళ్ళు మాత్రం కారిపోతున్నాయి.

ఉత్త పుండేనమ్మా అని మేస్టారు చెప్పేశారు. బళ్ళో అబద్ధమాడిన పిల్లల్ని బల్లెక్కించిన మనిషి, ఆ మాట అనడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఆమె నమ్మింది. పది రోజులుగా బిగుసుకుపోయి ఉన్న మొహం వదులవడం మేస్టారు కళ్ళారా చూశారు. అంతటితో ఊరుకుంటే ఆ పూట గడిచిపోయేదేమో. కాని లోవయ్యకి అబద్ధమాడడం అలవాటు లేదు. అలవాటు లేనివాడు ఎక్కడ ఆపాలో తెలియక దానికి ఇంకాస్త బలం చేర్చబోతాడు. సంచీలో చెయ్యి పెట్టి కొత్త చుట్టల కట్టొకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఇంక భయం లేదుగా, కాల్చుకోమన్నాడు. పది రోజుల క్రితం చూరు విప్పి మరీ చుట్టలు పారేసినవాడు, ఇవాళ తనే కొని తెచ్చాడు.

పేరంటాలు ఆ కట్టని కాసేపు చేతిలో అటూ ఇటూ తిప్పింది. కాల్చుకోలేదు. దూలానికి వేలాడుతున్న తాడుకి కట్టేసింది. తర్వాత ఇంట్లోంచి నడిచి వెళ్ళి, ఇంటికి వీపు పెట్టి, పెరటి గుమ్మం మీద కూర్చుంది.

"నీళ్ళెంతయ్యా?" అని కేకేసింది.

అది పడవ మీద మాట. లోవయ్య ముందు కొస నిలబడి గెడ వేసేవాడు. పేరంటాలు వెనక కొస కూర్చుని చుక్కాని పట్టేది. ఇద్దరి మధ్యా తాటాకు గూడు. ముందున్న నీళ్ళు ఆమెకి కనపడవు. గెడ దిగిన ప్రతిసారీ అడుగెంత లోతులో తగిలిందో అతను కేకెయ్యాలి. ఆ కేకని నమ్ముకుని ఆమె పడవ తిప్పాలి. అతని కేక వినపడకపోతే మరి ముందుకి పోనివ్వదు, ఒడ్డుకి తిప్పి కట్టేస్తుంది. నలభై ఏళ్ళు వాళ్ళ కాపరమంతా అలా గూడు మీదుగానే నడిచింది. అత్తగారు పోయిందన్న కబురూ, కడుపులో బిడ్డ నిలవలేదన్న మాటా, అలకలూ, వేళాకోళాలూ అన్నీ మొహాలు కనపడకుండానే చెప్పుకున్నారు. ఎదురెదురుగా కూర్చుంటే ఇద్దరికీ నోరు పెగిలేది కాదు. ఒడ్డుకొచ్చాక ఆ ఒంటిగది ఇంట్లో ఎదురెదురుగా కూర్చోవడం తప్ప మరోటి లేకుండా పోయింది.

లోవయ్య ఉన్నచోటే నిలబడిపోయాడు. ఆమె ఇంకోసారి అడిగింది. ఇంకోసారీ అతను పలకలేదు.

"పలక్కపోతే ఒడ్డుకి తిప్పేత్తాను. సోమారం నేనెక్కడికీ రాను," అంది పేరంటాలు. ఆమె అన్నంత పనీ చేసే మనిషని వీధిలో అందరికీ తెలుసు. లోవయ్యకి ఇంకా బాగా తెలుసు.

అప్పుడు కదిలాడు. వీధి గుమ్మం దగ్గరికి వెళ్ళి, వీధి వైపు తిరిగి నిలబడ్డాడు. వాళ్ళిద్దరికీ మధ్య, ఆ గదిలో, సగం అల్లిన మంచం పట్టె మీద మేస్టారు. లేచి పోవడానికి దారి లేదు. ముందు గుమ్మంలో ఒకరు, వెనక గుమ్మంలో ఒకరు. ఆ వేళ ఆ పడవలో సరుకు తానేనని మేస్టారు అన్నారు. మాలో ఒకరిద్దరు నవ్వారు. జోగారావు నవ్వలేదు.

"మోకాలి లోతే," అన్నాడు లోవయ్య.

అంత తక్కువ నీటిలో పడవ అడుగు నేలకి తగులుతుంది. పేరంటాలు వెంటనే, చుక్కాని పట్టినవాళ్ళు ఆ తర్వాత అడగవలసిందే అడిగింది.

"ఇసకా, రాయా?"

ఇసకైతే దిగి తోసుకుని బయట పడొచ్చు. రాయైతే పడవ అడుగు చీలిపోతుంది. లోవయ్య రెండు చేతులా గుమ్మం పట్టుకున్నాడు.

"తెలవట్లేదే. పుండు సెడ్డదే అన్నారు. మెడలోకి దిగిందో లేదో కోసి సూత్తేగాని సెప్పలేమన్నారు. సోమారం కడగడానికి కాదు, కొయ్యడానికి."

ఆ తర్వాత పెరటి వైపు నుంచి ఏ చప్పుడూ రాలేదు. పది రోజులకంటే ఆ కాస్సేపే ఎక్కువ భయపడ్డానని మేస్టారు చెప్పారు. ఆమె ఏడుస్తోందా, పడిపోయిందా, తెలియదు. లోవయ్య వెనక్కి తిరిగి చూడలేదు. గెడ పట్టినవాడు వెనక్కి చూడకూడదు.

"నాకు బయ్యంగా ఉందయ్యా," అంది పేరంటాలు.

"నాకూనే," అన్నాడు లోవయ్య.

అంతే. ఇంకేమీ జరగలేదు. కాసేపటికి ఆమె అక్కణ్ణుంచే, సోమవారం మొదటి బస్సు ఎన్నింటికని అడిగింది. అతను చెప్పాడు. ఆసుపత్రిలో ఎన్నాళ్ళుండాలని అడిగింది. కోసిన తర్వాత గంజి తాగొచ్చా, మాట వస్తుందా అని అడిగింది. తెలిసినవాటికి చెప్పాడు, తెలియనివాటికి తెలియదన్నాడు. పది రోజులుగా ఆమె అడక్కుండా దాచుకున్న ప్రశ్నలన్నీ ఒక్కొక్కటే ఆ గదిలోంచి, మేస్టారి తల మీదుగా వెళ్ళాయి. అన్నీ అయ్యాక ఆమె లోపలికి వచ్చి, కళ్ళు తుడుచుకుని, మేస్టారికి గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది. కాగితం మాట ఎత్తలేదు, దెప్పలేదు.

సోమవారం పొద్దున మేస్టారు వాళ్ళని బస్సెక్కించడానికి వెళ్ళారు. పేరంటాలు ఎక్కుతూనే తిన్నగా వెళ్ళి చిట్టచివరి సీట్లో కూర్చుంది. ఆడవాళ్ళ సీట్లు ముందున్నాయమ్మా అని కండక్టరు అరిచినా కదల్లేదు. లోవయ్య డ్రైవరు వెనకాల నిలబడ్డాడు. బస్సు కదలగానే, ముందు గేదెలు అడ్డొచ్చాయనీ, ఇదిగో వంతెన ఎక్కుతున్నామనీ గట్టిగా కేకలెయ్యడం మొదలుపెట్టాడు. బస్సులో వాళ్ళందరూ ఇతనికి మతిపోయిందేమో అన్నట్టు చూస్తున్నారు. వెనక నుంచి ఆమె ఊఁ కొడుతోంది. బస్సు వంతెన మీదికి వెళ్ళేదాకా ఆ కేకలు మేస్టారికి వినపడుతూనే ఉన్నాయి.

మేస్టారు అక్కడితో ఆపేశారు. ఆయన ఇంక చెప్పేట్టు లేరు. జోగారావు చేతిలో ఉన్న తువ్వాలు నలిపి నలిపి ఉండ చేసేశాడు. కోస్తే ఏం తేలింది మేస్టారూ, ఆవిడ బతికి బయటపడిందా అని అడిగాడు.

మేస్టారు అతని మొహంలోకి చూశారు.

"నీకు భయమేసి, బస్సెక్కి వచ్చి నన్నడిగావు. ఇంట్లో మీ ఆవిడ ఎవర్ని అడుగుతోంది, జోగారావ్?" అన్నారు.