సంచివలస ఎడమగోడమ్మ వారి అరచేతుల కథ

విజయనగరం నుంచి సముద్రం వైపు పోయే దారిలో సంచివలస దగ్గర బస్సు దిగితే, తాటితోపుల అవతల రేకుల కప్పుతో ఒక పెద్ద గోదాము కనిపిస్తుంది. శ్రీ ఎడమగోడమ్మ వారి సన్నిధి అదే. గోపురం కోసం వెతుక్కోవద్దు, లేదు. లోపల చెక్క నేల, రెండు చివర్లా రెండేసి గోలుస్తంభాలు, లోపలి గోలుకు ఎడమపక్క గోడలో మూరెడు గూడు, ఇత్తడి జాలీ వెనుక అమ్మవారు. తల్లి రెండు అరచేతులూ ముందుకు చాచి ఉంటుంది. అవి కందినట్టు ఎర్రగా ఉంటాయి. కుడికన్ను సగం మూసి, ఎడమకన్ను విప్పార్చి చూస్తుంది. శనివారాల్లో ఇక్కడ ఇప్పటికీ ఫుట్‌బాల్ ఆడతారు. బంతి ఎడమగోడకు తగిలిన ప్రతిసారీ ఆటగాళ్లూ జనమూ ఒక్క గొంతుతో ఒక మాట అడుగుతారు. కొత్తవారు ఉలిక్కిపడటం మామూలే.

పూర్వం ఇక్కడ గోనెసంచుల మిల్లు ఉండేది. వానాకాలంలో మైదానమంతా బురదైపోతే మిల్లు జట్టు ఖాళీ గోదాములోకి చేరి ఆడటం మొదలుపెట్టింది. ఈ ఆటలో బంతి బయటకు పోవడమన్నది లేదు. గోడకు కొట్టి, తిరిగి వచ్చినదాన్ని అందుకోవడమే సగం ఆట. జట్టుకు ఆరుగురే. అబ్బో, జనం విరగబడి వచ్చేవారు! మిల్లు మూతపడ్డాక ఆరు ఊళ్ల పెద్దలు కలిసి, టిక్కెట్టు పెట్టి, ఆటగాళ్లకు నెలజీతాలిచ్చి, ఈ కప్పు కిందే పోటీలు నడిపారు. ఆటే బతుకైన గోదాము జట్టు అలా పుట్టింది. సొంత ఊరు గనుక లోపలి గోలు ఎప్పుడూ వారిదే. వైపులు మార్చుకునే ఆనవాయితీ ఇక్కడ లేదు.

ఆ గోలును పద్నాలుగేళ్లు కాసినవాడు లెంక సన్యాసయ్య. మనిషి తాటిమానంత పొడుగు, నోట్లో నాలుక లేనివాడు. గోలు ముందు నిలబడటం తప్ప మరో పని తెలియదు. అటువంటివాడికి ఎడమకన్ను ఆనడం మానేసింది. మొదట మసక, తర్వాత పాలు పోసినట్టు తెలుపు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే చోటు పోతుంది. చోటు పోతే తానెవరో తనకే తెలియదు. భార్య ఎర్రయ్యమ్మ ఒక్కతే కనిపెట్టింది. అప్పటి నుంచి మంచినీళ్ల గ్లాసు ఆయనకు కుడిచేతి వైపు పెట్టడం మొదలుపెట్టింది.

విచిత్రమేమిటంటే, ఆ ఏడాది ఎడమపక్క నుంచి ఒక్క గోలూ పడలేదు. గోడలో ఒక చోటుకు తగిలిన బంతి తిరిగి రాకుండా, అలసిన దూడలా అక్కడే ఆగిపోయేది. సన్యాసయ్య తడుముకుంటూ పోయి తీసుకునేవాడు. జట్టు నాయకుడు కోరాడ నర్సింగరావుకు దాంతో చిర్రెత్తుకొచ్చింది. తాము కొట్టిన బంతులు కూడా అక్కడ చచ్చిపోతున్నాయి మరి. "గోడ గుల్లబారిపోయింది. రేపు సిమెంటు మెత్తించేద్దాం" అన్నాడు. ఎల్లుండి ఆఖరి ఆట. ఈసారి ఓడితే జట్టును ఎత్తేస్తామని పెద్దలు తేల్చి చెప్పేశారు.

ఆ మధ్యాహ్నం సన్యాసయ్య పాత గోనెల కుప్ప మీద కునుకు తీశాడు. రేకుల సందుల్లోంచి పడే ఎండలో నారధూళి నెమ్మదిగా తిరుగుతోంది. ఆ ధూళే ఒకచోట పోగై ముసలమ్మ అయింది. కొప్పులో గోనెలు కుట్టే దబ్బనం. వచ్చి ఆయన ఎడమపక్కనే కూర్చుంది. కళ్లు తెరిచి ఉంటే కనిపించని ఆ వైపు, కలలో మాత్రం స్పష్టంగా కనిపించింది.

"ఒరే సన్యాసీ, నీకు ఎడంకన్ను ఆనట్లేదు. నాకు తెల్దేటి?" అంది. "ఏడాది బట్టి నీ ఎడంపక్క నానే కాస్తన్నాను. సేతులు నొప్పెడతన్నాయిరా నాయనా. సెప్పెయ్. ఆ సోటు నాకిచ్చెయ్."

మెలకువ వచ్చేసరికి సన్యాసయ్య చెంపలు తడిసి ఉన్నాయి. తన గొప్ప అనుకున్నదంతా ఆ తల్లి చేతులదని తెలిసి సిగ్గుపడ్డాడు. తన కోసం ఒకరు అంత నొప్పి పడ్డారని తెలిసి ఇంకా ఏడ్చాడు. మర్నాడు సిమెంటు కలుపుతున్నవాళ్ల ముందు గోడకు అడ్డంగా నిలబడి, జట్టంతటికీ కన్ను సంగతి చెప్పేశాడు.

నర్సింగరావు తల పట్టుకున్నాడు. "ఎంత పని చేశావు బావా! రేపు గోలెవడు కాస్తాడు?"

"ఆవిడే" అన్నాడు సన్యాసయ్య. చేతితొడుగులు విప్పి గోడ మొదట్లో పెట్టాడు.

ఆట రోజు వచ్చింది. ఆయనకు బదులు దింపడానికి మరో మనిషి లేడు. అయిదుగురే దిగారు, గోలు ఖాళీ. ఎదుటి జట్టు పడీపడీ నవ్వింది. కానీ సూటిగా కొట్టిన బంతి కూడా ఎడమకు ఒరిగి, గోడకు తాకి, ఆగిపోయింది. ఒకసారి కాదు, పంతొమ్మిదిసార్లు. చెబితే నమ్మరని తెలుసు. ఆనాడు చూసినవారు ఊళ్లో ఇంకా ఉన్నారు, అడిగి తెలుసుకోవచ్చు. సన్యాసయ్య గోడ పక్కన కూర్చుని, బంతి తగిలిన ప్రతిసారీ గోడను నిమురుతూ, "నొప్పెట్టిందా అమ్మా?" అని అడుగుతూనే ఉన్నాడు. చివరికి నర్సింగరావు ఒక గోలు వేశాడు. జట్టు నిలిచింది.

మర్నాడు అక్కడ పెచ్చు ఊడి అమ్మవారి రాయి బయటపడింది. మిల్లు కట్టినప్పుడు పునాదుల్లో కలిసిపోయిన ఊరి దేవత ఈవిడేనని ముసలివారు గుర్తుపట్టారు. ఎర్రయ్యమ్మ ఇంటి నుంచి వెన్న తెచ్చి ఆ అరచేతులకు రాసింది.

సన్యాసయ్యకు చూపు వచ్చిందని రాయమని కొందరు భక్తులు అడిగారు. రాలేదు, అందుకే రాయలేదు. ఆయన మళ్లీ ఆడలేదు కూడా. ఇరవై రెండేళ్లు ప్రతి ఆటకూ గోడ పక్కనే కూర్చున్నాడు. బంతి తగిలితే అదే మాట అడిగేవాడు. కుర్రకారు వేళాకోళం చేసేవారు. ఆయన చనిపోయిన వారం కూడా ఆట మానలేదు. మొదటి బంతి వచ్చి గోడకు తగిలింది. అడిగే గొంతు లేదు. ఆడేవాళ్లు ఉన్నచోటే ఆగిపోయారు. అప్పుడు జనంలోంచి ఎర్రయ్యమ్మ లేచి, "నొప్పెట్టిందా అమ్మా?" అంది. వెంటనే గోదామంతా అడిగింది.

నేటికీ దాచుకున్న బాధ ఉన్నవారు శనివారం ఉదయం వచ్చి, అమ్మవారి అరచేతులకు వెన్న రాసి, ఆ సంగతి గోడకు చెప్పుకుంటారు. గుండె తేలికై వెళతారు. మీరు వచ్చినప్పుడు ఆట జరుగుతూ ఉంటే, బంతి గోడకు తగిలితే, మొహమాటపడకుండా మీరూ అడగండి. ఆ తల్లిని ఆ మాట అడిగేవారు ఎంతమంది ఉన్నా ఎక్కువ కాదు.