దొడ్లకనుమ పెడమొగమ్మ

నల్లమల కొండల తూర్పు అంచున, రెండు గుట్టల నడుమ ఇరుకుగా సాగే దారిని దొడ్లకనుమ అంటారు. బస్సు దిగిన చోటి నుంచి అమ్మవారి సన్నిధికి మూడు వందల పది మెట్లు. ఎక్కేటప్పుడు గాలి ఒక పట్టున ఉండదు. ఒకసారి ఎదురుగా కొడుతుంది, మరుక్షణం వెనక నుంచి తోస్తుంది. కొంగులు, కండువాలు జాగ్రత్త. పైకి చేరిన కొత్తవారు కంగారుపడటం మామూలే, ఎందుకంటే గర్భాలయంలో అమ్మవారి మొగం కనిపించదు. కనిపించేవి వీపు, జారుముడి, కుడి చెవి. అమ్మ కొండవైపు తిరిగి కూర్చుని ఉంటుంది. తమ మీద కోపం వచ్చిందేమోనని కొందరు గబగబా లెంపలు వేసుకుంటారు. కోపమేమీ లేదు, కాస్త ఊపిరి పీల్చుకుని ఈ కథ వినండి.

పూర్వం ఇక్కడ గుడి లేదు, మెట్లు లేవు. కనుమకు ఇవతల యాభై గడపల గొల్లపల్లె, దాని చుట్టూ ఆవుల దొడ్లు ఉండేవి. ఆ పల్లెలో మద్దిలేటి అనే పశువుల వైద్యుడు ఉండేవాడు. పశువు నోరు తెరిచి చెప్పుకోలేదు గనుక దాని ఒంటిని చూసి రోగం చెప్పేవాడు. ఎద్దు ఏ కాలి మీద బరువు ఆనిస్తోంది, చెవి ఎటు వాలింది, తోక ఎంతసేపటికి కదిలింది, ఇవి చూస్తే అతడికి చాలు. ఇంతవరకూ బాగానే ఉంది. ఒకనాడు మేకపిల్ల పోయిన తగాదాలో ఊరిపెద్ద సుంకన్న నింద పడ్డవాణ్ణి చూపించి వేళాకోళానికి, "ఎద్దుల్ని చూస్తావు గదా, ఈ మనిషిని గూడా చూసి చెప్పు" అన్నాడు. మద్దిలేటి చూశాడు, దొంగ ఇతడే అన్నాడు. అది నిజమైంది. ఆ దెబ్బతో అతడి కళ్ళు నెత్తికెక్కాయి.

అప్పటి నుంచి పల్లెలో ఏ తగాదా వచ్చినా విచారణ మానేశారు. నింద పడ్డవారిని మద్దిలేటి ముందు నిలబెట్టడమే. కాళ్ళు కుదురుగా లేకపోయినా, చూపు పక్కకు పోయినా, గొంతు తడారినా అబద్ధం కింద లెక్క. ఈ గుర్తులు ఊరందరికీ నోటికి వచ్చాయి. మొగుడూ పెళ్ళాలు అన్నం దగ్గర ఒకరి కాళ్ళు ఒకరు చూసుకునేవారు. పిరికివాళ్ళు మాట్లాడటమే తగ్గించారు.

ఇలా ఉండగా ఒక వేసవిలో పల్లె ఆబోతు కడుపుబ్బరంతో కూలబడింది. మందలన్నిటికీ ఆ ఒక్క ఆబోతే ఆధారం. మద్దిలేటి తెల్లవారగానే ఉమ్మెత్త గింజలు నూరి, బెల్లంలో కలిపి తినిపించాడు. కొలత దాటితే ఉమ్మెత్త మందు విషమవుతుందని అతడికి తెలియంది కాదు. పొద్దెక్కినా ఉబ్బరం తగ్గలేదు. ఊరంతా తన చేతివైపే చూస్తున్నట్టు అనిపించింది. ఆత్రం ఆపుకోలేక, ఎవరికీ చెప్పకుండా మరో మోతాదు పెట్టాడు. మధ్యాహ్నానికి ఆబోతు నురగలు కక్కి చచ్చిపోయింది.

ఎవరో విషం పెట్టారని ఊరు గగ్గోలెత్తింది. మద్దిలేటి నోరు విప్పబోయాడు. అంతలో గుంపులోంచి ఒకరు, "ఓబుళమ్మ దొడ్డి పక్కన గడ్డి కోస్తా కనపడింది" అన్నారు. ఆబోతు తన జొన్నచేను తొక్కిందని నెల కిందట ఓబుళమ్మ దుమ్మెత్తిపోసిన సంగతి అందరికీ గుర్తుకొచ్చింది. మద్దిలేటి విప్పబోయిన నోరు మూసుకున్నాడు. ఆ క్షణాన ప్రాణానికి ఎంత హాయిగా తోచిందో తర్వాత అతడే చెప్పుకుని ఏడ్చాడు.

ఓబుళమ్మ నాలుగు నెలల బాలింత. మొగుడు మందను తోలుకుని దూరపు మేతకు వెళ్ళి ఉన్నాడు. చచ్చిన పశువు మైల తగలకూడదని పాలు తాగే బిడ్డలను అలాంటి చోటికి తేనివ్వని ఆచారం గనుక, బిడ్డను పొరుగామె గుడిసెలో వదిలి వచ్చింది. ఆమెను దొడ్డి ముందర నిలబెట్టారు.

"గడ్డి కోసుకొని పోయినా. ఆబోతును తాకను గూడా తాకలేదు" అంది.

మద్దిలేటి చూశాడు. ఆమె కాళ్ళు మార్చి మార్చి నిలబడుతోంది. రెండు చేతులూ రొమ్ముకు అడ్డంగా గట్టిగా కట్టుకుంది. చూపు మాటిమాటికీ గుడిసెల వైపు పోతోంది. నుదుట చెమట.

"అబద్ధం" అన్నాడు.

ఓబుళమ్మ అతణ్ణి ఎగాదిగా చూసి, "నువ్వు గూడా నా మాదిరే నిలబడుండావే మామా" అంది. నోరు ముయ్యమని అందరూ ఆమె మీద పడ్డారు. మద్దిలేటి కాళ్ళవైపు మాత్రం ఒక్కరూ చూడలేదు. పొద్దు గుంకేలోగా బిడ్డను తీసుకుని కనుమ దాటి పొమ్మని, మళ్ళీ పల్లె మొగం చూడవద్దని సుంకన్న తీర్పు చెప్పాడు.

ఆ తర్వాత మూడు రోజులు మద్దిలేటి ఒక చోట నిలవలేకపోయాడు. కంచం ముందు కూర్చుని లేచిపోయేవాడు. దొడ్డి నుంచి గుడిసెకు, గుడిసె నుంచి దొడ్డికి తిరిగేవాడు. కట్టిన పలుపునే విప్పి మళ్ళీ కట్టేవాడు. మందు నూరిన రోలును కడగడానికి నీళ్ళు తెచ్చి, కడగలేక ఆ నీళ్ళు పారబోసేవాడు. ఎవరైనా పలకరిస్తే ఉలిక్కిపడేవాడు. భలే చూపున్న మనిషని అప్పటికీ అంటూనే ఉన్నారు, అది వింటే అతడు తల దించుకుని పక్కకు తప్పుకునేవాడు.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం గోడకు చేరగిలబడ్డప్పుడు కునుకు పట్టింది. కలలో ఒక ఆవు. కట్టుకొయ్యకు కట్టేసి ఉంది, కాళ్ళు మార్చి మార్చి తొక్కుతోంది, మెడ తిప్పి ఎటో చూస్తోంది. "దీనికేమైందో చెప్పు" అని ఒక ఆడగొంతు అడిగింది.

"ఏముందీ, దూడ ఎక్కడో ఆకలికి అరుస్తోంది. దీనికి పాలు చేపుకొచ్చాయి. పలుపు విప్పండి" అన్నాడు మద్దిలేటి నిద్రలోనే.

"ఆవు సంగతి ఇట్టే చెప్పావు. ఆ పిల్లను అంతసేపు చూశావు గదా నాయనా, ఒక్క మాటైనా అడిగావా?"

దిగ్గున లేచాడు. రొమ్ముకు అడ్డంగా కట్టుకున్న చేతులు కళ్ళముందు కదిలాయి. రవిక తడుస్తుంటే నలుగురు మగవాళ్ళ ముందు ఆమె ఇంకేం చేస్తుంది? మద్దిలేటికి ఆవు భాషలో చెబితే గాని తలకెక్కదని అమ్మవారికి తెలుసు మరి.

పరుగున సుంకన్న దగ్గరికి పోయాడు. రెండో మోతాదు సంగతి, తన భయం, తన మౌనం అన్నీ చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ కాళ్ళు వణికాయి, గొంతు ఎండిపోయింది, చూపు నేల విడవలేదు. సుంకన్న అతణ్ణి కిందనుంచి పైదాకా పరీక్షగా చూశాడు.

"అబద్ధం మద్దిలేటీ. కాళ్ళు ఎట్ల ఆడుతుండాయో చూడు. ఆ పిల్ల మీద జాలితో నెత్తినేసుకుంటుండావు. ఈ గుర్తులు మాకు నేర్పింది నువ్వే గదా?"

చుట్టూ ఉన్నవారు అవునవునన్నారు. ఒకాయన అతడి మంచితనానికి మెచ్చి భుజం కూడా తట్టాడు. నిజం చెప్పి నమ్మించలేకపోవడం ఎంత నరకమో మద్దిలేటికి అప్పుడు తెలిసింది. ఓబుళమ్మ అదే నరకంలో నిలబడి ఉండగా తాను ఆమె కాళ్ళ కదలికలు లెక్కపెట్టాడు.

కనుమ ఎక్కాడు. మొగుడు మందతో ఆ దారినే రావాలి గనుక ఓబుళమ్మ పైనున్న బండ చాటునే ఆగి ఉంది. కొండవైపు తిరిగి బిడ్డకు పాలిస్తోంది. మద్దిలేటి దూరంగా నిలబడిపోయాడు.

"ఇట్లా తిరిగి నా మొగం చూడు తల్లీ. చూసి, నేను చెప్పేది నిజమో కాదో నువ్వే తేల్చు" అన్నాడు.

"బిడ్డ పాలు తాగుతుండాది, తిరగను. నీ మొగంతో నాకేం పని మామా? చెప్పు, వింటా."

చెప్పాడు. ఆమె అడ్డు రాకుండా విన్నది. ఆ తర్వాత అడిగింది: గింజలు ఎన్ని? ఏ రోట్లో నూరినావు? రోలు కడిగినావా? అన్నిటికీ బదులు చెప్పాడు.

"ఆ పొద్దే చెప్పుంటే నా బిడ్డ మూడు దినాలు ఎండలో మాడేది గాదు" అంది ఓబుళమ్మ. ఆ గొంతులో కోపం కొండంత ఉంది, అయినా లేచి కొంగు సర్దుకుంది. "పద. ఆడ గూడా చెబుదువు."

పల్లెలో ఆమె పెట్టిన షరతు ఒక్కటే. "మామ కాళ్ళూ చేతులూ చూడొద్దండి. అందరూ కొండదిక్కు తిరిగి వినండి. ఏమన్నా అనుమానముంటే అడగండి."

పెద్దలు గొణుక్కుంటూనే తిరిగారు. ఒకరి తర్వాత ఒకరు అడిగారు. మద్దిలేటి చెప్పాడు. రోలు తెప్పిస్తే అడుగున ఉమ్మెత్త ముద్ద రెండు పొరలుగా ఎండి అతుక్కుని ఉంది. సుంకన్న తలపాగా తీసి ఓబుళమ్మ ముందర నేల మీద పెట్టాడు. మనుషులను చూసి తీర్పు చెప్పే పని ఆనాటితో మద్దిలేటి మానుకున్నాడు. పశువుల వైద్యం మాత్రం చేశాడు, నలుగురి ముందు గింజలు ఎంచి మరీ నూరేవాడు. అతడి కాళ్ళు మాత్రం చివరి దాకా కుదురుగా నిలవలేదంటారు.

మరుసటి వానలకు ఓబుళమ్మ కూర్చున్న బండ పెచ్చులూడి, కొండవైపు తిరిగిన అమ్మ రూపం వెలసింది. అమ్మవారే ఓబుళమ్మలో ఉండి నడిపించిందని కొందరు, ఓబుళమ్మనే అమ్మవారు తనలో కలుపుకున్నదని కొందరు చెబుతారు. పూజారి గారిని అడిగితే రెండింటికీ తల ఊపుతారు. వారు మద్దిలేటి వంశీకులు, ఈ విషయంలో గట్టిగా మాట్లాడరు.

నేటికీ శ్రావణ మంగళవారాల్లో తగాదాలున్నవారు కనుమ ఎక్కి వస్తారు. వినే పెద్దలు అమ్మవారిలాగే కొండవైపు తిరిగి కూర్చుంటారు. నింద తెచ్చినవారు ముందుగా తాము చేసిన ఒక తప్పు అమ్మ చెవిలో చెప్పుకోవాలి. అక్కడే చాలాసేపు నిలబడిపోయి, తెచ్చిన నింద చెప్పకుండానే మెట్లు దిగిపోయేవారు ఏటా ఉంటారు. బాలింతలు వరుసలో నిలబడనక్కర్లేదు. బిడ్డ ఏడుపు వినిపిస్తే హారతి ఆగుతుంది, పోయిన శ్రావణంలో ఒకే రోజు మూడుసార్లు ఆగింది.

ఈ అమ్మను కొలిచినవారికి మాట దక్కుతుందని, పోయిన నమ్మకం తిరిగి వస్తుందని పెద్దల మాట. నిజం చెప్పి కూడా ఇంట్లో, ఊళ్ళో నమ్మించలేకపోయినవారే ఇక్కడికి ఎక్కువగా వస్తుంటారు. వణుకుతూ వస్తారు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నలుపుకుంటారు. వారిని ఎవరూ చూడరు. కొండవైపు తిరిగి కూర్చున్న పెద్ద ఒకరు, "ఏం జరిగిందమ్మా?" అని అడుగుతారు. బదులు చెప్పక ముందే, ఆ ఒక్క మాటకే చాలామంది ఏడ్చేస్తారు.