అచ్చియ్యమ్మ బొంగురుపెట్టె

ఊ కొడుతుంటేనే చెబుతాను, నిద్రపోతే ఆపేస్తాను. వీపు మీద రెండు దెబ్బలేస్తే గానీ రేడియో పాట పాడని రోజుల్లో, సముద్రం పక్కన ఒక ఊళ్లో అచ్చియ్యమ్మ అని ఒకావిడ ఉండేది. రేడియోలు బాగుచేసుకుని బతికేది. పాత సామానుతో ఒక కూతపెట్టె కూడా చేసింది. హార్మోనియంకి ఉన్నట్టే మెట్లు, మెట్టు నొక్కితే కూత. వీధి నాటకంలో గాలీ వానా అన్నీ ఆ పెట్టెవే.

ఆ నాటకంలో రావణుడు ఆమె అన్న పైడయ్య. పాటలు వంతవాళ్లు పాడేస్తారు, గర్జన మటుకు వేషగాడిదే. తెర వెనక మూడుసార్లు గర్జించాలి. మూడో గర్జనకి అడ్డం పట్టుకున్న తెర దించి రావణుణ్ణి జనానికి చూపిస్తారు. గర్జన లేకపోతే తెర దిగదు, అది వాళ్ల కట్టుబాటు.

ఒక ఏడు పైడయ్యకి జబ్బు చేసి గొంతు పోయింది. "ఈ పండక్కి గర్జన రాకపోతే కిరీటం ఇంకొకడికి ఇచ్చేస్తాం" అన్నాడు మేళం పెద్ద. పాపం, మీసం మొలిచిన నాటి నుంచీ పెట్టుకున్న కిరీటం.

"నా గొంతు పోనాది సెల్లీ" అన్నాడు పైడయ్య గుసగుసగా.

"నాను సేస్తాను, ఊరుకో" అంది.

కూతపెట్టె కూత నున్నన. దాన్ని బొంగురు చెయ్యాలంటే కూత బయటికొచ్చే దారి నడుమ ఇంకో చిన్న పెట్టె కావాలి. అందులో కూతని కత్తిరించే డయోడ్లు రెండు. ఒకటి పైకి చూడాలి, ఒకటి కిందకి చూడాలి. ఏ డయోడ్లు వెయ్యాలి? తంటా అంతా అక్కడే.

మొదట కొత్త నల్ల డయోడ్లు వేసింది. నొక్కింది. "రావణుడా ఇది? రేకు కోస్తన్నావా?" అన్నాడు పైడయ్య. తీసేసింది.

తర్వాత ఎర్ర లైటు డయోడ్లు వేసింది. నొక్కింది. లైట్లు ముచ్చటగా వెలిగాయి, కూత మటుకు నున్నగానే ఉంది. "దీపావళి బాగుంది. గొంతేదే?" అన్నాడు. తీసేసింది.

ఇక మిగిలినవి గాజు డయోడ్లు. అవి పాత రేడియోల్లోనే దొరుకుతాయి. ఊళ్లో అలాంటి రేడియో ఒక్కటే, ఆమెదే. పోయిన మొగుడు కొనిపెట్టింది. రోజూ దాని పక్కనే కూర్చుని అన్నం తినేది. విప్పబోతే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే విప్పింది.

ఏ కొస ఎటో చెప్పే గీతలు వాటి మీద చెరిగిపోయాయి. మీటరు పెట్టి చూసుకోవచ్చు గానీ, బయట పండగ డోలు మోగిపోతోంది. అందాజుగా అతికేసి పరిగెత్తింది.

తెర వెనక పైడయ్యకి రోషం వచ్చింది. నా నోటితోనే గర్జిస్తానన్నాడు. ఒకటోసారి గాలి వచ్చింది. రెండోసారి దగ్గు వచ్చింది. జనం నవ్వారు. మేళం పెద్ద కిరీటం మీద చెయ్యి వేశాడు. అచ్చియ్యమ్మ మెట్టు నొక్కింది.

సగం చిరిగి, సగం నిండుగా, చుట్టపొగ పట్టిన పైడయ్య పాత గొంతే వచ్చింది. నవ్వేవాళ్లు నోళ్లు మూశారు. తెర దిగింది. కిరీటంతోనే నిలబడ్డాడు పైడయ్య, కళ్లనీళ్లకి మొహం రంగు కారిపోతుంటే.

మర్నాడు పెట్టె విప్పి చూస్తే డయోడ్లు రెండూ ఒకే వైపు చూస్తున్నాయి. "తప్పు అతికినాను అన్నా, సరిసేస్తాను" అంది.

"ముట్టకు. అది నా గొంతు" అన్నాడు.

ముట్టలేదు. ఆమె రేడియో మళ్లీ పాడలేదు. అయినా దాని పక్కనే కూర్చుని తినేది.

ఇద్దరూ పోయి ఎన్నేళ్లయిందో. ఇప్పటికీ అటువైపు ఆ పెట్టెలు చేసేవాళ్లు, మీటరు పెట్టి చూసి మరీ, రెండు డయోడ్లూ ఒకే వైపు అతుకుతారు. రావణుడికి ఎంత గొంతున్నా సరే, రెండుసార్లు గర్జించి ఊరుకుంటాడు. తెర అలాగే ఉంటుంది. పిల్లలు తొందరపడితే తల్లులు ఒళ్లోకి లాక్కుని చెబుతారు:

"ఆగు. మూడోది అచ్చియ్యమ్మది."