మొదట వచ్చే చన్నీళ్ళు

ప్రశ్న అడిగినవాళ్ళకు శేషమాంబగారు వెంటనే జవాబు చెప్పిన పాపాన ఎన్నడూ పోలేదు. మదనపల్లెలో మగ్గాల వీధిలో ఆమె ఇల్లు. చిన్ననాటి నుంచీ పట్టుచీరలు నేసి, చూపు మందగించాక మగ్గం దిగి, పీఠమూ కాషాయమూ ఏమీ లేకుండానే నలుగురికి గురువైంది. సాయంత్రాలు ఆమె వరండాలో జనం చేరేవారు. ఎవరైనా సందేహం అడిగితే ముందు వాళ్ళ చేతికొక పని పెట్టేది. చిక్కుడుకాయల ఈనెలు తీయమనేది, చిక్కుపడిన దారం విడదీయమనేది. పని ముగిసేసరికి కొందరు అడిగిందేమిటో మరిచిపోయేవారు. అంత తేలిగ్గా మరిచిపోయే ప్రశ్నకు జవాబు చెప్పడం దండగని ఆమె నమ్మకం.

ఓబులేసు ప్రశ్న మాత్రం మరిచిపోయేది కాదు. గ్యాసు పొయ్యిలూ గీజర్లూ బాగుచేసే అంగడి అతనిది. నలభై దాటేదాకా పెళ్ళి మాట ఎత్తనివాడు, రెండేళ్ళ కిందట రెడ్డెమ్మ అనే ఆమెను చేసుకున్నాడు. ఆమెకు మొదటి భర్త పోయాడు. ఆమె వెంట పన్నెండేళ్ళ కూతురు హేమావతి కూడా ఆ ఇంటికి వచ్చింది. ఆ పిల్ల అతణ్ణి నాయనా అనలేదు సరిగదా, ఏ వరసా పెట్టి పిలవలేదు. అన్నానికి రమ్మనాలన్నా గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకునేది. ఇప్పుడేమో వాయల్పాడులో తాత దగ్గర ఉండి చదువుకుంటానని పట్టుబట్టింది. ఆదివారం తాత వచ్చి తీసుకుపోవాలి. రెడ్డెమ్మ పైకి సరేనంది గానీ, పొయ్యి దగ్గర కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం ఓబులేసు కంటబడింది. ఆ పిల్ల పోతే ఇల్లు ఇల్లుగా ఉండదని అతనికి తెలుసు. ఆ మాట నోరు తెరిచి ఎవరితో అన్నాడు గనక!

శుక్రవారం సాయంత్రం శేషమాంబగారి దగ్గరికి వచ్చి, అందరూ లేచిపోయేదాకా ఆగి, ఉన్నదంతా చెప్పుకున్నాడు. వచ్చీరాగానే ప్రేమ ఒలకబోస్తే పిల్ల నటన అనుకుంటుందని జంకాడట. అందుకని ఆచితూచి, కొంచెం కొంచెంగా మాట్లాడుతూ వచ్చాడట. తక్కువ మాట్లాడితే ఆ మాటకు బరువుంటుందనుకున్నాడు. పిల్ల దగ్గరికి రాకపోయేసరికి ఆ కాస్తా తగ్గించాడు. కొత్త చెప్పులు తెచ్చినా చేతికివ్వకుండా గడప పక్కన పెట్టి పోయేవాడు. ఇదంతా చెప్పి, చివరికి తల వంచుకుని అడిగాడు.

"అమ్మా, కన్నవాళ్ళకుండే ప్రేమ నాలో అసలు ఉండాదా, లేదా? లేకుంటే చెప్పేయండి. ఆ బిడ్డను పోనిస్తా."

శేషమాంబగారు కాళ్ళు చాపుకుని, వారం రోజులుగా తమ గీజరులో ఉడుకునీళ్ళు రావడం లేదనీ, పాపం తన అక్క చన్నీళ్ళే పోసుకుంటోందనీ, కాస్త చూసి పొమ్మనీ చెప్పింది. ఓబులేసుకు ఒళ్ళు మండింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. అయినా గురువు మాట. సంచీలోంచి స్పానరు తీశాడు.

గీజరు స్నానాల గది బయట, వెనక వసారాలో గోడకు వేలాడుతోంది. నీళ్ళు కదలగానే లోపల గ్యాసు అంటుకునే రకం అది. సిలిండరు నిండుగానే ఉంది. బ్యాటరీలు ఎవరో కొత్తవి వేశారు. మూత విప్పి, నీళ్ళ జల్లెడ కడిగి, బర్నరు మీది దుమ్ము ఊది, మళ్ళీ బిగించి, స్నానాల గదిలోకి పోయి కొళాయి తిప్పాడు. టకటకమని నిప్పురవ్వలు కొట్టి భగ్గున అంటుకుంది. సెగలు కక్కుతూ నీళ్ళు వచ్చాయి. ఇంతోటిదానికి నన్ను పిలవాలా అనుకుని కొళాయి కట్టేసి, శేషమాంబగారి అక్క నాగలక్షుమ్మను పిలిచాడు. ఎనభై దాటిన ముసలామె చెంబు పట్టుకుని వచ్చి తానూ తిప్పింది. చన్నీళ్ళు. గీజరు కిక్కురుమనలేదు.

"నిన్ను చూస్తే వెలిగి, నన్ను చూస్తే ఆరిపోతుందిరా ఈ మాయదారిది," అని ఆమె దాన్ని తిట్టిపోసింది.

ఓబులేసుకు పంతం పుట్టింది. రోజూ ఎలా తిప్పుతుందో అలాగే ఇంకోసారి తిప్పమని, పక్కన నిలబడి ఆమె చేతినే చూశాడు. ఆమె కొళాయిని ఇంతే ఇంత కదిపింది. దారంలాంటి ధార. ఇంత సన్నంగా ఎందుకు వదులుతున్నావని అడిగితే, ఆమె తన తెలివికి తానే మురిసిపోతూ చెప్పుకొచ్చింది. చలికాలం మొదట్లో నీళ్ళు గోరువెచ్చగా అనిపిస్తే కొళాయి కాస్త సన్నం చేసిందట, వేడి పెరిగిందట. చలి ముదిరాక ఇంకాస్త సన్నం చేసిందట, ఇంకా పెరిగిందట. అప్పటినుంచీ అదే కిటుకు. మరి ఇప్పుడు ఎంత సన్నం చేసినా చన్నీళ్ళే ఎందుకొస్తున్నాయో మాత్రం ఆమెకు అంతుబట్టలేదు.

ఓబులేసుకు నవ్వాగలేదు. ఇటువంటివి అతను ఎన్ని ఇళ్ళలో చూశాడని!

"అవ్వా, నీళ్ళు తోసుకుంటా పోతేనే దీంట్లో గ్యాసు తెరుచుకుంటాది. సన్నం చేస్తే వేడెక్కేది నిజమే గానీ, దానికీ ఒక హద్దుండాది. నువ్వు ఇట్ల పిసినారిగా వదిలితే, నీళ్ళు పోతా ఉన్నట్టే దానికి తెలీదు. నిప్పు లేక గాదు, నువ్వు పారనీక."

నాగలక్షుమ్మ ఒప్పుకోలేదు. మొన్నొకసారి పెద్దగా తిప్పి చూశాననీ, అప్పుడూ వణుకు పుట్టించే నీళ్ళే వచ్చాయనీ, బెదిరి కట్టేశాననీ దెప్పింది. అవి గొట్టంలో నిలవున్న నీళ్ళని, మొదట కాసేపు చన్నీళ్ళే వస్తాయని, చెయ్యి వెనక్కి తీయొద్దని, కొళాయి కట్టేయొద్దని చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పి, ఆమె చేతనే బాగా తిప్పించాడు. ఆమె కళ్ళు మూసుకుని, ధార కింద చెయ్యి పెట్టి, పళ్ళు బిగించి నిలబడింది. కాసేపటికి ఆమె ముఖం విప్పారింది. చెంబు నింపుకుని, ఇక నువ్వు బయటికి నడవమని తలుపేసుకుంది.

శేషమాంబగారు వసారా మెట్టు మీద కూర్చుని ఇదంతా వింటూనే ఉంది. గీజరులో తప్పేమీ లేదా అని అడిగింది. లేదన్నాడు. నిప్పు ఉన్నట్టేనా అంది. ఉందమ్మా అనబోయి, ఓబులేసు ఆగిపోయాడు. స్పానరు చేతిలోనే ఉండిపోయింది. చలి ఎక్కువవుతోంది, ఇంటికి పొమ్మంది ఆమె. అతను స్పానరు సంచీలో వేసుకుని కదిలాడు.

ఇంటికి పోయేసరికి హేమావతి బట్టలు మడతపెట్టి సంచీలో సర్దుకుంటోంది. ఓబులేసు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. చివరికి, "నువ్వు పోతే నాకు బాగుండదు పాపా. ఉండిపోరాదా," అన్నాడు. రెండేళ్ళలో ఆ పిల్లతో అతనన్న మాటల్లో అదే పెద్దది. పిల్ల తలెత్తింది. పలకలేదు. సిగ్గుతో అతనికి చెవులు మండిపోయాయి. అంగడిలో పని ఉందని గొణిగి వెనుదిరిగాడు, రెడ్డెమ్మ పిలుస్తున్నా ఆగలేదు.

శనివారం తెల్లవారగానే శేషమాంబగారి ముందు వాలాడు. ఆమె ముంగిట ఎండకు కూర్చుని ఉంది. ఈసారి అతని చేతికి ఏ పనీ పెట్టలేదు. మీ మాట విని నోరు తెరిచినందుకు పరువు పోయిందనీ, పిల్ల ఒక్క మాటైనా అనలేదనీ, తనలో ఏమీ లేదని దాంతో తేలిపోయిందనీ అతను నిష్ఠూరమాడాడు. ఆమె అంతా విని, నువ్వు ఆ మాట అన్నప్పుడు పిల్ల ఏం చేస్తా ఉండిందని అడిగింది.

సర్దడం ఆపేసిందనీ, మడతపెట్టే గౌను చేతిలో పట్టుకుని తనవంకే చూస్తూ నిలబడిందనీ, తాను వీధి మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూస్తే వాకిట్లోకి కూడా వచ్చి నిలబడి ఉందనీ, అంతకు మించి ఏమీ లేదనీ చెప్పాడు ఓబులేసు.

శేషమాంబగారు అతనివైపు తిరిగింది.

"మొదట చన్నీళ్ళే వస్తాయని నిన్న మా అక్కకు చెప్పింది నువ్వే గదా నాయనా. మరి అప్పుడే కట్టేసి ఇక్కడికొచ్చినావేంది?"