వీరాస్వామి కోటు అంచు

ఏలూరు పవర్‌పేటలో వీరాస్వామి అనే దర్జీ ఉండేవాడు; చేతిలో ఎంత పనితనం ఉన్నా, తన కోటు మీద ఒక్క ముడత పడితే చాలు, ప్రాణం పోయినట్టు విలవిల్లాడేవాడు.

విదేశాలకు వెళ్లే మగవాళ్లు సూట్ల కోసం అతని దగ్గరికే వచ్చేవారు. అతను బట్టలు కుట్టివ్వడమే కాదు, పెట్టె ఎలా సర్దుకోవాలో కూడా చెప్పేవాడు.

“రెండు ప్యాంట్లు, నాలుగు చొక్కాలు, ఒక కోటు. అంతే చాలయ్యా. ఏ చొక్కా ఏ ప్యాంటు మీద వేసినా రంగు కుదరాలి. చొక్కాలు మడతపెట్టకు, చాప చుట్టినట్టు చుట్టు. బూట్ల లోపల సాక్సులు కుక్కు. కోటు పెట్టెలో పెట్టకు, ఒంటిమీద వేసుకుని విమానం ఎక్కు” అనేవాడు.

ఇవన్నీ మంచి మాటలే. చివర్లో మాత్రం వేలు చూపించి ఇంకో మాట చెప్పేవాడు.

“జేబులో ఏమీ పెట్టకు. జేబు ఉబ్బిందంటే కోటు చచ్చినట్టే!”

కొత్త కోటు జేబులను కచ్చా కుట్లతో మూసి ఇవ్వడం దర్జీల అలవాటు. వేసుకునేవాళ్లు ఆ కుట్లు విప్పి జేబులు వాడుకుంటారు. వీరాస్వామి మాత్రం తన కోటు జేబులను ఏనాడూ విప్పలేదు.

అతనికి పన్నెండేళ్లుగా షుగరు జబ్బు ఉంది. రోజూ పొద్దున్నే ఇంజక్షను చేసుకునేవాడు. భార్య సుగుణమ్మ కొట్లోనే ఒక పక్కన కూర్చుని కాజాలు కుట్టేది, అంచులు చేత్తో కుట్టేది. బట్ట చిరిగినా ఆవిడ వేసిన కుట్టు ఊడదని ఊళ్లో పేరు. ఒకసారి ఇంజక్షను చేసుకుని తిండి మానేసి, ఒంట్లో షుగరు పడిపోయి, వీరాస్వామి మిషను మీదే వణుకుతూ పక్కకి ఒరిగిపోతే, ఆవిడే పరుగున వచ్చి నాలుక మీద పంచదార పోసి బతికించింది. అప్పటినుంచి ఆవిడ చూపు చేతిలో ఉన్న సూది మీద సగం, భర్త చేతుల మీద సగం ఉండేది.

ఒక ఏడాది పోలండ్ దేశంలో దర్జీల ప్రదర్శన పెట్టారు. అక్కడికి రమ్మని వీరాస్వామికీ, నూజివీడు దర్జీ మస్తాన్‌కీ పిలుపు వచ్చింది. వీరాస్వామి నెల రోజులు కష్టపడి బొగ్గు రంగు ఉన్ని కోటు కుట్టుకున్నాడు.

“అక్కడ గాలి జోరుగా ఉంటుందట. కోటు అంచు ఎగరకూడదు. లోపల బరువుకి ఇనప బిళ్లలు వేసి కుట్టు” అని సుగుణమ్మకు చెప్పాడు.

“అలాగే” అంది సుగుణమ్మ. రెండు రోజులు ఆ కోటు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

బయలుదేరే రోజు ఆవిడ చిన్న గుడ్డ సంచి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

“ఇందులో గ్లూకోజు ఉంది, పిప్పరమెంట్లు ఉన్నాయి. ఇది జేబులో ఉండాలి. పెట్టెలో కాదు.”

“జేబు కుట్టేసి ఉంది కదే!”

“విప్పండి. జేబు ఉన్నది దేనికి?”

“అందానికి!” అన్నాడు వీరాస్వామి.

ఆవిడ మంచినీళ్ల సీసా తేవడానికి లోపలికి వెళ్లగానే సంచిని గుండీల డబ్బాలో దాచేశాడు. తర్వాత అద్దం ముందు నిలబడ్డాడు. కోటు వాలు చూసి అతనికే ముచ్చటేసింది. తాపీమేస్త్రీ పట్టుకున్న గుండులా నిటారుగా దిగింది. అంతలో ఎడమ అంచు కింద జానెడు ఎర్రదారం వేలాడుతూ కనబడింది.

“ఇదేంటే, దారం వదిలేశావు!” అంటూ కత్తెర అందుకున్నాడు.

సుగుణమ్మ పరుగెత్తుకొచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

“అది కత్తిరించకండి! ఆ అంచులో నేను...”

బయట ఆటోవాడు హారన్ మోగించాడు.

“దారాలు వేలాడేసుకుని వెళితే నలుగురూ నవ్వరూ? తర్వాత చెప్పుదువుగాని, రైలుకి టైమైంది.”

“లోపలికి దోపుకోండి. తెంపకండి. నా మీద ఒట్టు!”

వీరాస్వామి విసుక్కుంటూ దారాన్ని లోపలికి దోపుకున్నాడు.

విమానాశ్రయంలో మస్తాన్ ఎదురొచ్చాడు. అతని కోటుకి ఆరు జేబులు. ఆరూ ఉబ్బి ఉన్నాయి. వీరాస్వామి ముక్కు చిట్లించాడు.

“ఏమయ్యా మస్తానూ, కోటు వేసుకున్నావా, కిరాణా కొట్టు వేసుకున్నావా?”

“నవ్వండి గురువుగారూ, నవ్వండి. ఆకలేస్తే మీరు నా కొట్టుకే రావాలి!” అన్నాడు మస్తాన్.

పోలండ్‌లో ఇద్దరికీ ఒకే హోటల్లో ఒకే గది ఇచ్చారు. దిగిన సాయంత్రమే సుగుణమ్మ ఫోన్ చేసింది. గొంతు కంగారుగా ఉంది.

“గుండీల డబ్బాలో సంచి దొరికింది నాకు. పోనీ, ఆ ఎర్రదారం ఉందా?”

“ఉందిలే.”

“అది ఎందుకంటే...”

“రేపు మాట్లాడదాం. కోటు ఇస్త్రీ చేసుకోవాలి” అని ఫోన్ పెట్టేశాడు.

ఇస్త్రీ చేస్తుంటే ఎర్రదారం మళ్లీ బయటికి జారింది. పొద్దున పది గంటలకు నది వంతెన మీద దర్జీలందరికీ ఫొటోలు తీస్తారట. ఫొటోలో దారం పడితే? వీరాస్వామి హోటల్ వాళ్లనడిగి చిన్న కత్తెర తెచ్చుకుని, దారాన్ని మొదలంటా కత్తిరించేశాడు.

మర్నాడు ఆదివారం. ఎనిమిదింటికే ఇంజక్షను చేసుకుని కోటు తొడుక్కున్నాడు.

“టిఫిన్ చేద్దాం రండి” అన్నాడు మస్తాన్.

“తింటే పొట్ట ముందుకొస్తుంది. మధ్య గుండీ లాగుతుంది. ఫొటో అయ్యాక తింటా. ముందుగా వెళ్లి మంచి చోటు చూసుకుంటాను.”

“మరి నేనూ రానా?”

“నీ జేబులతో నా పక్కన నిలబడతావా? పదింటికి రా!”

“గురువుగారూ, ఫోన్ మర్చిపోయారు. హోటల్ కార్డు కూడా బల్ల మీదే ఉంది.”

“మర్చిపోలేదు, వదిలేశాను” అన్నాడు వీరాస్వామి గర్వంగా.

బయట మంచు పడుతోంది. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. నాలుగు వీధులు దాటేసరికి వంతెన కనబడింది. కానీ అప్పటికే ఎముకలు కొరికే చలిలో అతని నుదుటి మీద చెమట పట్టింది.

‘నడిచాను కదా, అందుకే’ అనుకున్నాడు.

వేళ్లు వణకసాగాయి. గుండె దడదడ కొట్టుకుంది. అప్పుడు తెలిసింది అతనికి. ఈ వణుకు అతనెరిగినదే. మిషను మీద ఒరిగిపోయిన రోజు వచ్చినదే. ఆరోజు పంచదార డబ్బా పది అడుగుల దూరంలో ఉంది. సుగుణమ్మ ఇంకా దగ్గరగా ఉంది.

వెనక్కి తిరిగాడు. ఏ వీధిలోంచి వచ్చాడు? అన్నీ ఒక్కలాగే తెల్లగా ఉన్నాయి. హోటల్ పేరు ఏమిటి? రాత్రి చదివాడు. పొద్దున కూడా చూశాడు. ఇప్పుడది నోటికి రావడం లేదు. కుక్కను నడిపిస్తూ ఒక ముసలావిడ ఎదురొచ్చింది. సాయం అడగాలని నోరు తెరిచాడు. నాలుక మొద్దుబారి, మాట ముద్దగా వచ్చింది. తాగినవాడనుకుని ఆవిడ కుక్కను లాక్కుంటూ రోడ్డు దాటి వెళ్లిపోయింది.

వంతెన పక్కన ఉన్న రాతి బల్ల మీద కూలబడ్డాడు. తన వెంట వచ్చినవాడి పేరు ఏమిటి? ఆరు జేబులవాడు. ముఖం కనబడుతోంది, పేరు లేదు. మరుపు ఇలాగే వస్తుంది. ముందు ఊళ్ల పేర్లు తీసుకుపోతుంది, తర్వాత మనుషుల పేర్లు. ఇంట్లో కరెంటు పోయినప్పుడు తెలిసిన గోడ కూడా చేతికి దొరకనట్టు, అతను తన మనసులోనే తడుముకున్నాడు. నోట్లో సూది కరిచిపట్టి, కళ్లద్దాల పైనుంచి చూసే ఒక ఆడమనిషి ముఖం కనబడింది. తన భార్య. ఆవిడ పేరు ఏమిటి?

పేరు రాలేదు. వీరాస్వామికి చావు భయం కంటే ఆ భయం పెద్దదిగా తోచింది.

చెయ్యి జేబు మీదికి పోయింది. జేబు మూసి ఉంది. తన చేతులతో తనే మూసుకున్న కుట్ల మీద వేళ్లు జారిపోయాయి. తెరిచినా అందులో ఏముంది గనక! చెయ్యి బలం లేక కిందికి పడి, కోటు అంచుకి తగిలింది.

ముప్పై ఏళ్లుగా బట్ట పట్టుకున్న వేళ్లవి. మనసు మరిచినా అవి మరవలేదు. అంచులో ఉన్నవి ఇనప బిళ్లలు కావు. నొక్కితే ఇసుకలా మెత్తగా అణుగుతున్నాయి.

‘ఆ అంచులో నేను...’ ఆ సగం మాట చెవిలో వినిపించింది.

దారం! ఎర్రదారం పట్టి లాగితే అంచంతా ఒక్కసారిగా ఊడి వచ్చేలా కుట్టి ఉంటుంది ఆవిడ. వణికే వేళ్లతో అంచంతా వెతికాడు. పట్టుకోవడానికి కొస లేదు. రాత్రి తనే మొదలంటా కత్తిరించాడు.

కళ్ల ముందు తెల్లటి మంచు నల్లబడుతోంది. వీరాస్వామి వంగి, నెల రోజులు కష్టపడి కుట్టిన కోటు అంచుని పళ్ల మధ్య పెట్టి లాగాడు. కుట్టు ఊడలేదు. ఊళ్లో అందరూ మెచ్చుకునే కుట్టు అది! తల విదిలించి మళ్లీ లాగాడు. కుట్టు నిలిచింది గానీ, లైనింగు పర్రున చిరిగింది. గుడ్డ చుట్టిన చిన్న పొట్లం ఒళ్లో పడింది. దాన్నీ పళ్లతోనే చింపాడు. నాలుక మీద తియ్యటి పొడి పడింది.

గ్లూకోజు.

ఇంకొకటి లాగాడు. తర్వాత ఇంకొకటి. గడ్డం మీద, కోటు మీద, గుండీల మీద తెల్లటి పొడి రాలింది. దులుపుకోలేదు. కళ్లు మూసుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి వణుకు తగ్గింది.

“సుగుణ” అన్నాడు పైకి. అన్ని పేర్లలో ముందుగా తిరిగొచ్చిన పేరు అదే.

అంతలో మస్తాన్ రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు. జేబులోంచి బిస్కట్ల పొట్లం తీసి, విప్పి, నోటికి అందించాడు.

“బల్ల మీద మీ ఫోన్ ఆపకుండా మోగుతుంటే తీశాను గురువుగారూ. అక్కయ్యగారు. ఇంజక్షను చేసుకున్నారా అని అడిగారు. చేసుకున్నారన్నాను. టిఫిన్ తిన్నారా అన్నారు. లేదన్నాను. ‘పరుగెత్తు తమ్ముడూ, పరుగెత్తు!’ అన్నారు. అంతే, పరుగెత్తాను!”

వీరాస్వామి బిస్కట్లు నములుతూ కళ్లు తుడుచుకున్నాడు.

“నీ కొట్లో ఇంకా ఏమున్నాయయ్యా?” అన్నాడు.

“అరటిపండు ఉంది. కొంచెం నలిగింది” అన్నాడు మస్తాన్.

పది గంటలకు ఫొటో తీశారు. ఆ ఫొటోలో వీరాస్వామి కోటు అంచు చిరిగి గాలికి ఎగురుతూ ఉంది. పక్కన మస్తాన్, అతని ఆరు జేబులతో సహా ఉన్నాడు.

ఇంటికి రాగానే వీరాస్వామి చిరిగిన కోటుని సుగుణమ్మ చేతికిచ్చాడు.

“ముందే ఎందుకు చెప్పలేదే?”

“ముందే చెబితే అవి విప్పేసి ఇనప బిళ్లలు వేయించుకునేవారు. గడప దాటేటప్పుడు చెప్పబోయాను. ఫోన్‌లోనూ చెప్పబోయాను. ఏ మాట పూర్తి చెయ్యనిచ్చారు?” అంది ఆవిడ. తర్వాత చిరుగులోకి వేలు పోనిచ్చి చూసి, “నా కుట్టు మాత్రం ఊడలేదు” అని నవ్వబోయి, ఏడ్చేసింది.

వీరాస్వామి ఇప్పటికీ సూట్లు కుడుతున్నాడు. విదేశం వెళ్లేవాళ్లకు పెట్టె సర్దడం గురించి చెబుతూనే ఉన్నాడు. కానీ కోటు అప్పగించే ముందు తనే కత్తెర తీసుకుని జేబుల కచ్చా కుట్లు విప్పి, వాళ్ల చెయ్యి అందులో పెట్టించి చూపిస్తాడు. “ఇందులో మందు, ఇందులో చిరునామా. ఆ తర్వాతే అందం” అంటాడు. సుగుణమ్మ ఏదైనా చెప్పబోతే మిషను ఆపి వింటాడు.

నీతి: సొగసు కోసం అవసరమైనదాన్ని వదులుకోకూడదు, మన మేలు కోరేవారు చెప్పే మాటను సగంలో తుంచకూడదు.